ఆంప్లిఫయర్ ఫ్యూజు పదే పదే పోతుంటే

చిరంజీవి అల్లుడికి నల్లగొండ నుంచి మీ మామయ్య ఆశీస్సులు.

కారులో కొత్తగా పెట్టించిన ఆంప్లిఫయర్ ఫ్యూజు నిలవడం లేదని, 30 ఆంపియర్లది తీసేసి 40 ది పెడదామని చూస్తున్నావని మీ అమ్మ చెప్పింది. ఆ ఒక్క పని మాత్రం చేయకు. సిగరెట్ పెట్టెలోని వెండి కాగితం చుట్టమనో, రాగి తీగ కట్టమనో ఎవరైనా చెప్పినా వినకు. ఫ్యూజు ఊరికే పోదు. ఎక్కడో కరెంటు ఎక్కువ లాగుతోంది, అది ఎక్కడో పట్టుకోవాలి. ఫ్యూజు పెద్దదైతే ఆ భారం వైరు మీద పడుతుంది. ఆ వైరేమో కార్పెట్ కింద నుంచి, సీట్ల కింద నుంచి డిక్కీ దాకా పోతుంది. అది అంటుకుంటే నీ చేతిలో ఏమీ ఉండదు.

నీ కిట్‌లో వచ్చిన వైరు చివర కాస్త బ్లేడుతో గీకి చూడు. లోపల తెల్లగా కనిపిస్తే అది అల్యూమినియం, పైన రాగి పూత మాత్రమే. చూడటానికి బొటనవేలంత లావున్నా అందులో సగం ప్లాస్టిక్ తొడుగే ఉంటుంది. అలాంటి వైరు మీద 40 ఆంపియర్ల ఫ్యూజు పెట్టడానికి నాకు ధైర్యం చాలదు.

పోయిన ఫ్యూజులు పారేయకుండా ఉంచి ఉంటే వెలుతురులో పట్టుకొని చూడు. లోపలంతా నల్లగా మసి పట్టి, తీగ ఆనవాలే లేకపోతే అది నేరుగా షార్ట్. తీగ మధ్యలో మెత్తగా కరిగి తెగితే లోడు ఎక్కువైంది. తీగ బాగానే ఉండి కాలి దగ్గర ప్లాస్టిక్ కరిగిందంటే హోల్డరు వదులైంది, తప్పు ఆంప్లిఫయర్‌ది కాదు, హోల్డరు మార్చు. నేను మీటరు పట్టుకోకముందే దీన్ని చూస్తాను.

తరువాత ఏ ఫ్యూజు పోతోందో చూడు. బ్యాటరీ దగ్గరిది వైరును కాపాడటానికి, ఆంప్లిఫయర్ మీదిది ఆంప్లిఫయర్‌ను కాపాడటానికి. బ్యాటరీ దగ్గరి ఫ్యూజు ప్లస్ టెర్మినల్ నుంచి అడుగున్నర లోపు ఉండాలి. దూరంగా పెడితే మధ్యలో ఉన్న వైరుకు రక్షణ ఉండదు. పని మొదలుపెట్టేటప్పుడు బ్యాటరీ మైనస్ ముందు ఊడదీయి. ఆంప్లిఫయర్ దగ్గర ప్లస్ వైరు తీసి, కొనకు టేపు చుట్టి, మైనస్ మళ్ళీ కలుపు. అప్పుడూ బ్యాటరీ దగ్గరి ఫ్యూజు పోతే వైరు ఎక్కడో బాడీకి తగులుతోంది. బానెట్ నుంచి లోపలికి వచ్చే రేకు రంధ్రంలో రబ్బరు బుష్ ఉందా, సీటు పట్టాల స్క్రూ వైరులోకి దిగిందా చూడు. ఎక్కువగా ఈ రెండు చోట్లే దొరుకుతుంది.

వైరు బాగుంటే ఆంప్లిఫయర్‌ను పరీక్షించాలి. ఇందుకు ఫ్యూజులు తగలేయకు. ఫ్యూజు తీసేసి, ఆ రెండు కొనల మధ్య 55 వాట్ల హెడ్‌లైట్ బల్బు ఒకటి కట్టు. లోపల ఎంత షార్ట్ ఉన్నా బల్బు నాలుగైదు ఆంపియర్లకు మించి పోనివ్వదు. స్పీకర్ల వైర్లన్నీ, రిమోట్ వైరూ (స్టీరియో నుంచి వచ్చి ఆంప్లిఫయర్‌ను ఆన్ చేసే సన్న వైరు) ఊడదీసి ప్లస్, ఎర్త్ (కారు బాడీకి బిగించే మైనస్ వైరు) మాత్రమే కలుపు. బల్బు ఒక్కసారి మెరిసి ఆరిపోతే మంచిదే, లోపలి కెపాసిటర్లు నిండాయన్నమాట. వెలుగుతూనే ఉంటే పవర్ సప్లైలో కరెంటును ఆన్, ఆఫ్ చేసే ట్రాన్సిస్టర్లు, అంటే మాస్‌ఫెట్‌లు గానీ, ప్లస్, మైనస్ తారుమారైతే కాపాడే రివర్స్ రక్షణ డయోడ్ గానీ షార్ట్ అయినట్టు. బ్యాటరీ మార్చినప్పుడు ఎవరైనా ప్లస్, మైనస్ తారుమారు చేశారేమో కనుక్కో. డయోడ్ ఒక్కటే పోయి ఉంటే తక్కువలో తేలుతుంది.

అప్పుడు వెలగకుండా, రిమోట్ కలిపాక గట్టిగా వెలిగితే అవుట్‌పుట్ ట్రాన్సిస్టర్లు పోయాయి. రిమోట్‌కూ ఏమీ కాకపోతే స్పీకర్లను ఒక్కొక్కటిగా కలుపుతూ రా, వాల్యూమ్ తక్కువలో పెట్టు. ఏది కలిపితే బల్బు వెలిగిందో దోషం ఆ వైరులోనో, ఆ స్పీకరులోనో ఉంది. తలుపు మడత దగ్గర నలిగిన వైరు, బాడీకి తగిలిన స్పీకరు టెర్మినల్, ఇవే ముందు అనుమానించు.

నీ దాంట్లో నాకు ఎక్కువ అనుమానం సబ్‌వూఫర్ మీదే, అదే బాస్ కొట్టే పెద్ద స్పీకరు. పాట మామూలుగా ఉన్నప్పుడు బాగానే ఉండి బాస్ పడగానే ఫ్యూజు పోతోందని మీ అమ్మ చెప్పిన మాటను బట్టి అనుకుంటున్నాను. మీటరు ఓమ్స్‌లో పెట్టి సబ్‌వూఫర్ కొనలు చూడు. 4 ఓమ్స్ స్పీకరు మూడుంపావు, మూడున్నర చూపిస్తే సరే. రెండు కాయిల్స్‌నో, రెండు స్పీకర్లనో ప్యారలల్ కలిపి ఉంటే 2 ఓమ్స్‌కు దిగుతుంది. ఆంప్లిఫయర్‌ను బ్రిడ్జి చేసి, అంటే రెండు ఛానెళ్లను ఒకటిగా కలిపి దానికి ఇస్తే ఒక్కో ఛానెల్ 1 ఓమ్ మోస్తోందన్నమాట. బ్రిడ్జిలో కనీసం 4 ఓమ్స్ ఉండాలని చాలా ఆంప్లిఫయర్ల మీద రాసి ఉంటుంది, చదువు. సిరీస్‌లో కలిపితే సరిపోతుంది. శబ్దం కాస్త తగ్గుతుంది, తగ్గనీ.

పెట్టె మీద 1500 వాట్లని రాసి ఉన్నా నమ్మకు. 14 వోల్టుల దగ్గర 30 ఆంపియర్లంటే బ్యాటరీ నుంచి వచ్చేదే 420 వాట్లు, ఏబీ క్లాసు ఆంప్లిఫయర్ అందులో సగానికి దగ్గరగా వేడిగా పోగొడుతుంది. ఆంప్లిఫయర్ మీద సిగ్నల్ పెంచే గెయిన్ నాబ్‌ను చివరి దాకా తిప్పితే శబ్దం చిరుగుతుంది, కరెంటు పెరుగుతుంది. మన దగ్గర మే నెలలో 45 డిగ్రీలు దాటే రోజులు ఉంటాయి, తలుపులు మూసిన డిక్కీలో ఇంకా ఎక్కువ. ఆంప్లిఫయర్ చుట్టూ గాలి ఆడేలా పెట్టు, దానిమీద సంచులు వేయకు. బాస్ పెట్టెకే బిగించి ఉంటే విప్పేసెయ్. ఆ అదురుకు లోపలి సోల్డర్ పగులుతుంది. ఎర్త్ దగ్గర రంగు గీకి మెరిసే రేకుకు బిగించు.

లోపల మాస్‌ఫెట్‌లే పోయి ఉంటే అక్కడ మిర్యాలగూడలో విప్పించకు, నా దగ్గరికి తీసుకురా. ఒక్కటి పోయినా ఆ వరుసలోవన్నీ మార్చాలి, గేటు రెసిస్టర్లు కూడా కొలవాలి, లేకపోతే కొత్తవీ పోతాయి. ఐఆర్ఎఫ్‌జెడ్44 రకానివి కోఠి గుజరాతీ గల్లీలో దొరుకుతాయి, నకిలీలు కూడా అక్కడే ఉంటాయి కనుక నేనే తెప్పిస్తాను. వచ్చేటప్పుడు సబ్‌వూఫర్ కూడా వెంట తీసుకురా, దాన్ని ఇక్కడే కొలిచి వైరింగ్ సరిచేసి పంపుతాను.

మీ మామయ్య