ఆగిన క్యాంపెయిన్ కొనసాగించాలా, కొత్తగా మొదలెట్టాలా

విజయనగరం

అల్లుడూ,

పాచికలేస్తూ కథలో పాత్రలుగా ఆడే మీ డంజన్స్ అండ్ డ్రాగన్స్ మూడు నెలలుగా ఆగిపోయింది, పాత కథనే (క్యాంపెయిన్) కొనసాగించాలా, కొత్తది మొదలెట్టాలా అని అడిగావు కదా. ముందు ఆట ఎందుకు ఆగిందో తేల్చు. టైము కుదరకే ఆగిందంటే కొత్త కథ ఎత్తుకున్నా మూడో సెషన్‌కి మళ్లీ ఆగుద్ది.

గ్రూపులో మాత్రం అడక్కు, మొహమాటానికి అందరూ "కంటిన్యూ చేద్దాం" అంటారు. ఒక్కొక్కరికీ విడిగా ఫోన్ చెయ్యి. నీ క్యారెక్టర్ ఇప్పుడు దేనికోసం తిరుగుతున్నాడు? ఏ రోజు, ఏ పూట ఖాయంగా కూర్చోగలవు? అయిదుగురిలో ముగ్గురు మొదటిదానికి తడుముకోకుండా చెప్తే పాత కథలో ప్రాణముంది. ఇద్దరు కొత్తవాళ్లు చేరితే మాత్రం దాన్ని వదిలెయ్. పాత సంగతులు వాళ్లకి చెప్పడంతోనే సెషన్లు అయిపోతాయి.

కొనసాగిస్తే, కథలో ఆరు నెలలు గడిచాయను. తెగని ముడులు తొమ్మిదుంటే మూడు ఉంచి, తక్కినవి ఆ ఆరు నెలల్లో తేలిపోయాయని రెండు ముక్కల్లో చెప్పెయ్. మొదటి రోజే డ్రాగన్ని దించకు. ఇంటెలిజెన్స్ (తెలివి) 18 ఉన్న ఏడో లెవెల్ విజార్డ్ (మంత్రగాడు) సిద్ధం చేసుకునే మంత్రాలు 11 ఉంటాయి. మూడు నెలల గ్యాప్ తర్వాత ఏది ఏం చేస్తుందో ఆ పాత్ర ఆడే గుంటడికి గుర్తుండదు. ప్రతి టర్న్‌కీ పుస్తకం తిరగేస్తాడు, తక్కినోళ్లు రీల్స్ చూసుకుంటారు. నాలుగు గాబ్లిన్లతో (చిన్న రాక్షసులు) అరగంట కొట్లాట పెట్టు, చేతులు తిరుగుతాయి.

రూల్స్ కథ మధ్యలో మార్చకు. 2014 రూల్స్ పుస్తకంలో గాయాలు మాన్పే క్యూర్ వూండ్స్ మంత్రానికి ఎనిమిది ముఖాల పాచిక ఒకటి, 2024లో రెండు. చెరో పుస్తకం పట్టుకున్నారంటే తగువే.

కొత్తగా మొదలెడితే 2024 రూల్స్‌కి మార్చుకో, మూడో లెవెల్ నుంచి ఎత్తుకో. 2024లో అన్ని క్లాసులకీ (పాత్ర వృత్తి) సబ్‌క్లాస్ (అందులో ప్రత్యేక దారి) అక్కడే వస్తుంది. ఒకటో లెవెల్ విజార్డ్‌కి ఎనిమిది హిట్ పాయింట్లుంటే (ఎంత దెబ్బ తట్టుకుంటాడో ఆ లెక్క), గాబ్లిన్ కత్తి గట్టిగా తగిలితే ఒక్క దెబ్బకే పడిపోతాడు. పాత హీరోని కొత్త ఊరికి సత్రం యజమానిని చెయ్యి, ఆడినోళ్లు మురిసిపోతారు.

ఫౌండ్రీ (ఆన్‌లైన్లో ఆట ఆడించే సాఫ్ట్‌వేర్) నీ ఇంటి కంప్యూటర్ మీదే నడుస్తుంటే గాలివానకి కరెంటు పోయినప్పుడు అందరికీ ఆట ఆగుద్ది. రౌటర్నీ ఇన్వర్టర్‌కి కలుపు. ఆట ఉన్న రోజు అప్‌డేట్ నొక్కకు, దానికి తగిలించిన మాడ్యూల్స్ పనిచెయ్యకపోవచ్చు. ముందు డేటా ఫోల్డర్ కాపీ తీసుకో.

పదిహేను రోజులకోసారి, రెండున్నర గంటలు, ముగ్గురొస్తే ఆట. సిరిమాను వారం, సంక్రాంతి వారం క్యాలెండర్లో ఇప్పుడే కొట్టెయ్.

రాజాంవాడికి ముందు ఫోన్ చెయ్యి. నైట్ డ్యూటీలు కదా, వాడి రోజు దొరికితే తక్కినోళ్లవి సర్దొచ్చు.

మీ మామయ్య