మానవ శరీర నిర్మాణ శాస్త్రానికి ఆద్యుడు గాలెనా, వెసేలియసా?

ఆధునిక మానవ శరీర నిర్మాణ శాస్త్రానికి ఆద్యుడు 16వ శతాబ్దికి చెందిన ఆండ్రియాస్ వెసేలియస్; అంతకు సుమారు 1,300 ఏళ్ల ముందటి గ్రీకు వైద్యుడు గాలెన్ మహా పరిశోధకుడే అయినా, ఆయన వర్ణించిన శరీరం చాలావరకు జంతువులది.

గాలెన్ కాలపు రోమ్‌లో మనిషి శవాన్ని కోసి పరిశీలించే ఆచారం లేనందున, ఆయన కోతులను, పందులను కోసి చూసి, ఆ నిర్మాణమే మనిషికీ వర్తిస్తుందని భావించారు. ఆయన ప్రతిభను మాత్రం తక్కువ చేయరాదు: అరుస్తున్న పంది మెడలోని ఒక సన్నని నరాన్ని కోయగానే దాని గొంతు మూగబోవడాన్ని అందరి ఎదుటా చూపి, స్వరం మెదడు అధీనంలో ఉంటుందని నిరూపించినవారు ఆయనే.

కింది దవడనే ఉదాహరణగా తీసుకుందాం. అది రెండు ఎముకలని గాలెన్ రాశారు. కుక్క వంటి జంతువుల్లో గడ్డం దగ్గర ఆ అతుకు జీవితాంతం కనిపిస్తుంది. మనిషిలోనైతే పుట్టిన మొదటి ఏడాదిలోనే రెండు సగాలూ కలిసి ఒకే ఎముక అవుతాయి. ఇటలీలోని పాడువాలో బోధించిన వెసేలియస్ మానవ అస్థిపంజరాలను స్వయంగా పరిశీలించి, 1543లో వెలువరించిన ఏడు భాగాల సచిత్ర గ్రంథంలో ఈ పొరపాటునూ, ఇటువంటి మరెన్నింటినో సరిదిద్దారు.

మానవ శవాన్ని మొదట కోసినది వెసేలియసే అనుకోవడం సరికాదు. క్రీస్తుపూర్వం 3వ శతాబ్దిలోనే అలెగ్జాండ్రియాలో హెరోఫిలస్, 14వ శతాబ్ది ఆరంభంలో బొలోన్యాలో మొండినో ఆ పని చేశారు. అయితే ఆచార్యుడు పీఠం మీద కూర్చుని గాలెన్ పాఠం చదువుతుంటే సహాయకుడు శవాన్ని కోసే పద్ధతి స్థిరపడిపోయిన కాలంలో, వెసేలియస్ పీఠం దిగి కత్తి తానే పట్టుకున్నారు.