గెలిచాక అడుగుదామనుకుంటే ఆలస్యమే

ప్రశ్న: మాది హిందూ పద్ధతిలో జరిగిన పెళ్లి. నా భర్త హైదరాబాద్ ఫ్యామిలీ కోర్టులో విడాకుల కేసు వేశారు. మూడేళ్లుగా గుంటూరు నుంచి వాయిదాలకు తిరుగుతున్నాను. లాయరు ఫీజు కోసం అమ్మ పెట్టిన గొలుసు కూడా అమ్మేశాను. మొత్తం 1.8 లక్షలు అయింది. తప్పంతా ఆయనదే. వచ్చే నెల వాదనలు. కేసు కొట్టేస్తే ఈ ఖర్చు ఆయనే కట్టాలి కదా? బ్లౌజులు కుట్టి నెలకు 9,000 సంపాదిస్తున్నాను. ఆ సంగతి కోర్టులో చెప్పొద్దని బంధువులు అంటున్నారు. ఏం చేయాలి?

జవాబు: ఇన్ని రాసి అసలు సంగతి వదిలేశారమ్మా. కేసు నడిచినంత కాలం భరణం, కేసు ఖర్చులు ఇప్పించమని హిందూ వివాహ చట్టం సెక్షన్ 24 కింద పిటిషన్ వేశారా? వేయకపోతే ఈ వారమే వేయించండి.

మామూలు సివిల్ దావాలో ఓడినవాళ్లు ఖర్చులివ్వడం రివాజు. భార్యాభర్తల కేసుల్లో మాత్రం తీర్పు చివర ‘ఎవరి ఖర్చులు వారివే’ అన్న వాక్యమే ఎక్కువగా కనిపిస్తుంది. ఖర్చులు ఇప్పించినా లాయరు ఫీజును రూల్సు ప్రకారం లెక్కగడతారు, మీరిచ్చినంత కాదు. సెక్షన్ 24 దారి వేరు. తప్పెవరిదని కాదు, బతకడానికీ, కేసు నడపడానికీ చాలినంత సొంత ఆదాయం ఉందా లేదా అని చూస్తుంది. అందుకే భర్త కూడా దీని కింద అడగొచ్చు. అయితే కేసు నడుస్తుండగానే అడగాలి.

మీరు గెలిస్తేనే చిక్కు. విడాకుల పిటిషన్ కొట్టేస్తే సెక్షన్ 25 కింద శాశ్వత భరణం అడగడానికీ వీల్లేదని సుప్రీంకోర్టు 1993లోనే చెప్పింది. తర్వాత భరణానికి వేరే కేసు వేసుకోవాలి. పైగా 2020 నాటి రజ్‌నేశ్ వర్సెస్ నేహా తీర్పు ప్రకారం భరణం లెక్క పిటిషన్ వేసిన తేదీ నుంచి. మూడేళ్లు ఊరుకుని పోగొట్టుకున్నది గొలుసు కంటే ఎక్కువే.

కుట్టుపని దాచొద్దు. ఆస్తులు, ఆదాయం, అప్పుల అఫిడవిట్ ఇద్దరూ ఇవ్వాలి. బ్లౌజుకింత అని కస్టమర్లు ఫోన్‌పే చేసిన డబ్బు మీ బ్యాంకు స్టేట్‌మెంటులో కనిపిస్తుంది. అవతలి లాయరు దాన్ని చదివి వినిపిస్తే మీ మిగతా మాటలూ ఎవరూ నమ్మరు. తప్పుడు అఫిడవిట్ అని కేసు కూడా ఎదురవుతుంది. 9,000 చెప్పి, ఇంటి అద్దె, బస్సు ఛార్జీలు పోగా ఏం మిగులుతుందో చూపించండి. ఆదాయం ఉన్నంత మాత్రాన పిటిషన్ పోదు, అది చాలదని తేలాలి.

సెక్షన్ 24 పిటిషన్‌ను అవతలివారికి నోటీసు అందిన 60 రోజుల్లో వీలైనంతవరకు తేల్చాలని చట్టంలో ఉంది. కేసు సాగదీయడానికే వేశారని ఆయన అంటారు, అంటే అననివ్వండి. వాయిదా మాత్రం మీరు అడగొద్దు.

ఇంకో మాట. స్త్రీకి ఆదాయంతో పని లేకుండా ఉచిత న్యాయ సహాయం వస్తుంది. జిల్లా న్యాయసేవాధికార సంస్థలో ఒక్క దరఖాస్తు పెట్టుంటే గొలుసు మెడలోనే ఉండేది.

ఫీజు నగదుగా ఇచ్చారేమో, తేదీలతో రసీదులు ఇప్పుడే అడిగి తీసుకోండి. బస్సు టికెట్లు వాయిదా తేదీల పక్కన పెట్టి ఫైలు చేయండి. గొలుసు అమ్మిన కొట్లో బిల్లు ఇచ్చారా? లేకపోతే ఆ డబ్బు బ్యాంకులో వేసిన ఎంట్రీ అయినా వెతకండి.