లండన్‌ పాత ఇళ్ల ఇటుకలు ఎర్రగా కాకుండా పసుపుగా ఎందుకుంటాయి?

మట్టిలో సుద్ద కలిపి కాల్చడం వల్ల ఆ రంగు వచ్చింది. మామూలుగా మట్టిలోని ఇనుము కాలితే ఇటుక ఎర్రబడుతుంది, సుద్దలోని సున్నం తోడైతే ఆ ఎరుపు తేలదు, పసుపు వస్తుంది. ఇళ్ల నుంచి పోగేసిన పొయ్యి బూడిదనూ కలిపేవారు. అందులో మిగిలిన బొగ్గు నలుసులు ఇటుకను లోపలి నుంచీ కాల్చేవి. విరిగిన ముక్కలో నల్లచుక్కలు కనిపించేది అందుకే.

నల్లగా ఉన్న గోడలు చూసి అదేదో వేరే రకం ఇటుక అనుకుంటారు చాలామంది. అది పొగ గొట్టాల మసి, అంతే. ప్రధాని నివాసం 10 డౌనింగ్ స్ట్రీట్ గోడ కూడా అసలు పసుపే! 1960ల మరమ్మతుల్లో మసి వదిలిస్తే ఆ సంగతి బయటపడింది. జనానికి అలవాటైన రూపం పోకూడదని మళ్లీ నల్లరంగే వేశారు.