అనుమతి ఉందా లేదా కాదు, ఆ మెట్టు ఎందుకు విరిగిందన్నదే మీ కేసు

సందేహం: మాది హన్మకొండ. 19 నెలల కింద దసరా సెలవుల్లో పిల్లల్ని తీసుకుని ఊరి పొలిమేరలో ఉన్న ఒక అమ్యూజ్‌మెంట్ పార్కుకు పోయాం. వాటర్ స్లైడ్ మీదికి ఎక్కే ఇనుప మెట్టు విరిగి మా బిడ్డ కింద పడింది. అప్పుడు దానికి 13 ఏళ్లు. తొడ ఎముక విరిగితే రాడ్ వేశారు. ఇప్పటికీ కొంచెం కుంటుతోంది, డాన్స్ మానేసింది. ఇంట్లో ఎవరికీ మనశ్శాంతి లేదు. పార్కు మేనేజరే వాళ్ల బండిలో ఆసుపత్రికి తెచ్చి, మొదటి బిల్లు 20 వేలు ఫోన్‌పేలో కట్టి, తర్వాత ఫోన్ ఎత్తడం మానేశాడు. ఇప్పుడు 75 వేలు ఇస్తాం, స్టాంపు పేపరు మీద సంతకం పెట్టండి అంటున్నారు. తనిఖీల సంగతి అడిగితే 'మా ఇంజినీరే రోజూ చూస్తాడు, అమెరికాలో డిస్నీ వాళ్లూ అంతే' అన్నాడు. అనుమతి ఇచ్చిన కార్పొరేషన్ మీద కేసు వేసి పార్కు మూయించాలని ఉంది. మా షడ్డకుడేమో, తన బైక్ మీది నుంచి పడిందని చెబితే ఇన్సూరెన్స్ డబ్బు తొందరగా వస్తుందంటున్నాడు. డిశ్చార్జి కాగితంలో 'ఇంట్లో జారిపడింది' అని ఉంది. విరిగిన మెట్టును షడ్డకుడు తీసిన ఫొటో జత చేస్తున్నాను. ఏం చేయమంటారు?
– ఒక తండ్రి, హన్మకొండ

సలహా: మీరు ఉత్తరమంతా పార్కు మీద కోపంతో నింపి, కేసును తేల్చే వస్తువును చివర్లో 'జత చేస్తున్నాను' అని వదిలేశారు. ఆ ఫొటోను పెద్దది చేసి చూడండి. మెట్టు విరిగిన చోట వెల్డింగ్ అతుకు పొడవునా గోధుమరంగు తుప్పు ఉంది. ఒక చివర మాత్రం వేలి గోరంత మేర ఇనుము మెరుస్తోంది. నాకు అర్థమైనంతలో ఆ రోజు విరిగింది ఆ గోరంత ముక్కే. మిగతా అతుకు అంతకుముందే విడిపోయి, నీళ్లు దిగి తుప్పు పట్టింది. పిల్లలు తడి కాళ్లతో ఎక్కే మెట్టును ఎవరైనా వంగి ఒక్కసారి చూసి ఉంటే కనబడాల్సిన లోపం అది. అయితే ఈ మాట నేను రాస్తే చెల్లదు. కాజీపేట పక్కనే నిట్ ఉంది, అక్కడ లోహాల విభాగం ఉంది. అక్కడి అధ్యాపకులెవరైనా, లేదా ఒక చార్టర్డ్ ఇంజినీరు ఆ ఫొటో చూసి అభిప్రాయం రాసిస్తే అది సాక్ష్యం అవుతుంది.

ఇక అనుమతి సంగతి. అనుమతి లేకుండా కడితే జరిమానా వేయొచ్చు, సీలు వేయొచ్చు. దాంతో మీ బిడ్డకు రూపాయి రాదు. అనుమతి ఉందని తేలినా పార్కు బాధ్యత పోదు. కార్పొరేషన్ మీద నష్టపరిహారం కేసు అంటున్నారు కాబట్టి ఢిల్లీ ఉపహార్ థియేటర్ సంగతి చెప్పాలి. 1997లో అక్కడ జరిగిన అగ్నిప్రమాదంలో 59 మంది పోయారు. హైకోర్టు కార్పొరేషన్ మీద, లైసెన్సు ఇచ్చిన అధికారుల మీద కూడా వాటా వేసింది. 2011లో సుప్రీంకోర్టు వాళ్లిద్దరినీ తప్పించి, పరిహారంలో 85 శాతం థియేటర్ యజమాని మీద, 15 శాతం విద్యుత్ బోర్డు మీద పెట్టింది. 59 ప్రాణాలు పోయిన కేసులోనే తప్పించుకున్నవాళ్ల వెంట పడి, ఉన్న కొద్ది గడువు పాడు చేసుకోకండి. మీ ప్రతివాది పార్కు యజమాని.

మేనేజర్ చెప్పిన డిస్నీ మాటకు భయపడాల్సిన పని లేదు. ఫ్లోరిడాలో 1967లో అక్కడి శాసనసభ ప్రత్యేకంగా చట్టం చేసి, డిస్నీ పార్కులున్న దాదాపు 25 వేల ఎకరాలకు రీడీ క్రీక్ పేరుతో ఒక ప్రత్యేక పాలనా ప్రాంతాన్ని (డిస్ట్రిక్టును) ఏర్పాటు చేసింది. ఆ డిస్ట్రిక్టుకు సొంత బిల్డింగ్ కోడ్ ఉంది, సొంత ఇన్‌స్పెక్టర్లు ఉన్నారు. 2023లో దాని పేరు మార్చి, బోర్డును గవర్నరు నియమించేలా చేశారు. వెయ్యి మందికి పైగా ఉద్యోగులు, ఫుల్‌టైమ్ ఇన్‌స్పెక్టర్లు ఉన్న పెద్ద పార్కుల రైడ్లకు అక్కడ రాష్ట్ర తనిఖీ నుంచి మినహాయింపు కూడా ఉంది. అదంతా చట్టం ఇచ్చిన వెసులుబాటు. అక్కడ కూడా దెబ్బ తగిలినవాళ్లు పరిహారం అడగకూడదని ఏ చట్టమూ అనలేదు. మన దగ్గర భవన నిర్మాణానికి 2012 నాటి జీవో 168 నిబంధనలు ఉన్నాయి, కట్టడాల అనుమతులకు 2020 నాటి టీఎస్-బీపాస్ చట్టం ఉంది. అందులోని సెల్ఫ్ సర్టిఫికేషన్‌తో (కట్టుకునేవాళ్లే ఇచ్చే ధ్రువీకరణతో) తక్షణ అనుమతి 500 చదరపు మీటర్ల లోపు ప్లాట్లలో ఇళ్లు కట్టుకునేవాళ్ల కోసం. వాటర్ స్లైడ్ మెట్లకు దానితో సంబంధం లేదు. 'మా ఇంజినీరు రోజూ చూస్తాడు' అన్నాడు కదా, మంచిదే. ఆ రోజూ చూసిన రిజిస్టరు తెమ్మని వినియోగదారుల కమిషన్ ముందు అడుగుదాం. చూస్తే తుప్పు ఎందుకు వదిలేశారు? చూడకపోతే ఆ మాట ఎందుకు చెప్పారు?

ఇప్పుడు మీకు కోపం వచ్చినా సరే, ఒక మాట అనాలి. డిశ్చార్జి కాగితంలో 'ఇంట్లో జారిపడింది' అని ఉంటే 19 నెలలు ఎలా ఊరుకున్నారండీ? ఆసుపత్రికి తెచ్చిన పార్కు మనిషే, పోలీసు కేసు కాకుండా ఉండటానికి, ఎమర్జెన్సీ గదిలో డాక్టరుకు ఆ మాట చెప్పి ఉంటాడు. మర్నాడే మీరు రాతపూర్వకంగా అభ్యంతరం చెబితే సరిపోయేది. రేపు పార్కు లాయరు మొదట చూపించేది ఆ ఒక్క లైనే. దానికి మీ దగ్గర గట్టి జవాబు కూడా ఉంది. బిడ్డ ఇంట్లో పడితే పార్కు మేనేజర్ తన ఫోన్‌పేలోంచి ఆసుపత్రికి 20 వేలు ఎందుకు కట్టాడు? ఆసుపత్రి రికార్డ్స్ విభాగానికి దరఖాస్తు రాసి పూర్తి కేస్ షీటు, డబ్బు ఎవరి ఖాతా నుంచి వచ్చిందో చూపే బిల్లు తీసుకోండి. కేస్ షీటును ఆసుపత్రి 3 ఏళ్లు ఉంచాలి, అడిగిన 72 గంటల్లో ఇవ్వాలి. దాంతోపాటు టిక్కెట్టుకు మీరు కట్టిన యూపీఐ రసీదు, ఆ రోజు పార్కులో దిగిన ఫొటోలు, మేనేజర్‌తో నడిచిన వాట్సాప్ మెసేజీలు ఒక్కటి కూడా డిలీట్ చేయకండి.

మీ షడ్డకుడి సలహా గురించి గట్టిగానే చెబుతున్నాను: ఆ దారిన అడుగు పెట్టొద్దు. వాహన ప్రమాదాల పరిహారం తేల్చే ట్రిబ్యునల్ ముందు అబద్ధపు సాక్ష్యం పెడితే భారతీయ న్యాయ సంహిత 229 సెక్షన్ కింద 7 ఏళ్ల వరకు జైలు. దానికి మోసం కేసు కూడా తోడవుతుంది. మీరూ, మీ షడ్డకుడూ ఇద్దరూ ముద్దాయిలవుతారు. ఇన్సూరెన్స్ వాళ్లు ఇలాంటి క్లెయిములను ఊరికే వదలరు, ఆసుపత్రికి వెళ్లి విచారిస్తారు. అన్నింటికంటే పెద్ద నష్టం ఇంకొకటి ఉంది. తుప్పు పట్టిన మెట్టును ఫొటో తీసింది ఆయనే. ఆయనే మీ ముఖ్య సాక్షి. బైక్ మీది నుంచి పడిందని ఒకచోట సంతకం పెట్టిన మనిషి, మెట్టు విరిగి పడిందని ఇంకోచోట చెబితే ఎవరు నమ్ముతారు? అసలు కేసు అక్కడే చచ్చిపోతుంది. ఆయన చేయాల్సిన పని వేరే ఉంది. ఫొటో తీసిన ఆ ఫోన్‌ను అమ్మకుండా, ఎక్స్‌చేంజ్‌లో ఇవ్వకుండా, ఫార్మాట్ చేయకుండా దాచాలి. వాట్సాప్‌లో వచ్చిన ఫొటో నాణ్యత తగ్గుతుంది, ఎప్పుడు తీశారన్న వివరమూ పోతుంది. అసలు ఫైలు ఆ ఫోన్‌లోనే ఉండాలి. దానికి భారతీయ సాక్ష్య అధినియమం 63 సెక్షన్ కింద, ఎలక్ట్రానిక్ సాక్ష్యానికి కావాల్సిన సర్టిఫికెట్ తయారు చేయించాలి.

గడువు మాటకు వద్దాం. వినియోగదారుల రక్షణ చట్టం 2019, 69 సెక్షన్ ప్రకారం సంఘటన జరిగిన రోజు నుంచి 2 ఏళ్లలోపు ఫిర్యాదు వేయాలి. మీకు మిగిలింది 5 నెలలు. మేనేజర్‌తో మాటలు నడుస్తున్నాయని గడువు ఆగదు, నోటీసు ఇచ్చినా ఆగదు. మైనరు కాబట్టి తర్వాతైనా వేయొచ్చని ఎవరైనా అంటే నమ్మి కూర్చోకండి. ఆలస్యాన్ని మన్నించమని కమిషన్‌ను అడిగే అవకాశం ఉన్నా, దాని మీద కేసు కట్టుకోవద్దు.

ఈ వారంలోనే కార్పొరేషన్‌కు, అగ్నిమాపక శాఖకు సమాచార హక్కు కింద దరఖాస్తులు పెట్టండి. స్థలం పంచాయతీ పరిధిలోకి వస్తే పంచాయతీకి, కుడాకు (కాకతీయ పట్టణాభివృద్ధి సంస్థకు) పెట్టండి. అనుమతి, ఆక్యుపెన్సీ సర్టిఫికెట్, చివరి తనిఖీ నివేదిక నకళ్లు అడగండి. జవాబుకు 30 రోజులు. 'మా దగ్గర రికార్డు లేదు' అని జవాబు వస్తే అదీ మనకు పనికొచ్చే కాగితమే. ఈలోగా స్పీడ్ పోస్టులో లాయరు నోటీసు వెళ్లాలి. బోర్డు మీదున్న పేరు యజమాని పేరు కాకపోవచ్చు. టిక్కెట్టు బిల్లు మీది జీఎస్టీ నంబరును పోర్టల్‌లో కొడితే అసలు పేరు వస్తుంది, నోటీసు దానికే ఇవ్వండి. టిక్కెట్టు వెనక 'ప్రమాదాలకు మాది బాధ్యత కాదు' అని ఉందని భయపడకండి. కారు పోగొట్టిన ఒక హోటల్ ఇలాంటి అచ్చు మాటనే అడ్డం పెట్టుకుంటే 2019లో సుప్రీంకోర్టు ఒప్పుకోలేదు.

ఫిర్యాదు మీరుండే జిల్లా పరిధిలోని వినియోగదారుల కమిషన్‌లోనే వేయొచ్చు. ఫీజు చూసేది మీరడిగే పరిహారాన్ని బట్టి కాదు, మీరు కట్టిన టిక్కెట్టు ధరను బట్టి. 5 లక్షల లోపు ఫీజే లేదు. ఇంతవరకు అయిన ఖర్చుతో పాటు, రాడ్ తీయడానికి ఎంతవుతుందో డాక్టరుతో రాయించుకోండి. కాలికి శాశ్వత లోపం ఎంత శాతమో మెడికల్ బోర్డు సర్టిఫికెట్ తెచ్చుకోండి. అది లేకపోతే కుంటు గురించి మీరెంత చెప్పినా అంకె పడదు. పోలీసు ఫిర్యాదుకూ దారి మూసుకుపోలేదు. ఎముక విరగడం తీవ్ర గాయం కిందికే వస్తుంది, నిర్లక్ష్యంతో తీవ్ర గాయం చేసిన నేరానికి (న్యాయ సంహిత 125(బి)) 3 ఏళ్ల గడువు ఉంది.

ఆ స్టాంపు పేపరు మీద మాత్రం సంతకం పెట్టొద్దు. అందులో 'ఇక ఏ క్లెయిమూ లేదు' అన్న మాట తప్పకుండా ఉంటుంది. రేపు రాడ్ తీసే ఖర్చు కూడా మీ మీదే పడుతుంది. రాజీ కావాలనుకుంటే కమిషన్‌లో మీడియేషన్ ద్వారానో, లోక్ అదాలత్‌లోనో, సర్టిఫికెట్ చేతికొచ్చాక మాట్లాడండి. లాయరు ఫీజు భారమైతే జిల్లా న్యాయ సేవాధికార సంస్థకు వెళ్లండి. పిల్లల కేసులో తల్లిదండ్రుల ఆదాయం ఎంతైనా ఉచిత న్యాయ సహాయం దొరుకుతుంది. వెళ్లేటప్పుడు కేస్ షీటు, మేనేజర్ డబ్బు కట్టిన బిల్లు, షడ్డకుడి ఫోన్ మూడూ పట్టుకెళ్లండి.