మధ్యయుగ యూరప్ చరిత్ర చదవదలచిన మేనకోడలికి

చిరంజీవి మేనకోడలికి మామయ్య ఆశీస్సులు.

మధ్యయుగ ఇంగ్లండు గ్రామాల చరిత్ర మీద పీహెచ్‌డీ చేయాలనుకుంటున్నావని, ఈ డిసెంబరులోనే విదేశీ విశ్వవిద్యాలయాలకు దరఖాస్తులు పెడతావని నీ ఉత్తరం చదివి తెలుసుకున్నాను. చాలా సంతోషం కలిగింది. ఆ పనిలోనే ముప్ఫై ఏళ్లు గడిపినవాడిగా నేను చెప్పదలచిన ముఖ్యమైన మాట ఒక్కటే: దరఖాస్తులు ఒక ఏడాది ఆపి, ఆ ఏడాది లాటిన్ చదువు.

నీవు చూడబోయే మేనర్ (ప్రభువుల జాగీరు) కోర్టుల చిట్టాలు, భూదాన పత్రాలు, బిషప్పుల రిజిస్టర్లు చాలావరకు లాటిన్‌లోనే ఉంటాయి. అనువాదాలనే నమ్ముకుంటే ఇతరులు ఎంచి అచ్చువేసినంత మేరకే నీ పరిశోధన సాగుతుంది. ఇంటర్‌లోనూ డిగ్రీలోనూ సంస్కృతం చదివావు కనుక విభక్తులు, క్రియారూపాలు నిన్ను భయపెట్టవు. అసలు కష్టం చేతిరాతలో ఉంది. రాయసగాళ్లు తోలు పత్రం మీద చోటునూ సమయాన్నీ ఆదా చేయడానికి మాటలను కుదించి రాసేవారు. పి అక్షరపు కాడకు అడ్డగీత ఉంటే దానిని 'పెర్' అనీ, అక్షరం పైన గీత ఉంటే 'ప్రె' అనీ, కాడ నుంచి ఎడమకు వంపు తిరిగితే 'ప్రో' అనీ చదవాలి. ఇటువంటి గుర్తులు వేలల్లో ఉన్నాయి. వాటిని సేకరించి అడ్రియానో కాపెల్లి 1899లో ప్రచురించిన నిఘంటువు ఈనాటికీ పరిశోధకుల బల్ల మీద ఉంటుంది.

చదవడం వచ్చినంత మాత్రాన సరిపోదని నాకు తెలియజెప్పినది ఒక తేదీ. పరిశోధన రెండో ఏట ఒక బిషప్పు రిజిస్టరులో, మరణించిన మతగురువుల స్థానంలో కొత్తవారిని నియమించిన నమోదులు వరుసగా కనిపించాయి. తేదీ 1348 ఫిబ్రవరి. ప్లేగు ఇంగ్లండు తీరాన్ని తాకింది 1348 వేసవిలో కాబట్టి, అంతకు ముందే అక్కడ మరేదో వ్యాధి ప్రబలిందని నలభై పేజీల అధ్యాయం రాశాను. ఆనాటి ఇంగ్లండు చర్చి లెక్కలో సంవత్సరం మార్చి 25న మొదలవుతుందనీ, ఆ ఫిబ్రవరి మన లెక్కలో 1349 అనీ మా గురువుగారు చెప్పిన రోజున ఆ అధ్యాయమంతా తీసివేయవలసి వచ్చింది. ఉగాదికి సంవత్సరం మారే ఇంట్లో పుట్టి కూడా ఆ సందేహం నాకు రాకపోవడం ఇప్పటికీ బాధిస్తుంది. రాజుగారి పత్రాలలోనైతే రాజు పాలన మొదలైన రోజు నుంచి లెక్కించే పాలనా సంవత్సరం ఉంటుంది; ఆనాటి రాజు మూడవ ఎడ్వర్డుకు అది జనవరి 25న మారుతుంది. ఏ పత్రం చేతికి వచ్చినా ముందు దాని తేదీని మన లెక్కలోకి మార్చి రాసుకో.

ఎక్కడ చదవాలన్న విషయానికి వస్తే, బ్రిటన్‌లో పీహెచ్‌డీ మూడు నాలుగేళ్లలో ముగించాలి కాబట్టి లాటిన్ ముందే వచ్చి ఉండాలని ఆశిస్తారు. ఉత్తర అమెరికాలో వ్యవధి ఎక్కువ, భాషలు నేర్పించే తరగతులూ ఉంటాయి. టొరంటో విశ్వవిద్యాలయపు మధ్యయుగ అధ్యయన కేంద్రం లాటిన్‌కు ప్రత్యేకంగా పరీక్షలే పెడుతుంది. నీవంటి వారికి అటువంటి చోటే మేలని నా అభిప్రాయం. విశ్వవిద్యాలయం పేరు కంటే, నీ పత్రాలను నీ పక్కన కూర్చుని చదివే గైడు ముఖ్యం.

ఉద్యోగం సంగతి దాచకుండా చెబుతాను. ఈ రంగంలో శాశ్వతమైన పోస్టులు చాలా తక్కువ. పట్టా వచ్చాక ఏడాది, రెండేళ్ల కాంట్రాక్టుల మీద ఊళ్లు మారుతూ అలసిపోయిన సమర్థులను ఎందరినో చూశాను. అందుచేత పూర్తి స్కాలర్‌షిప్పు వస్తేనే వెళ్లు. మా అక్కయ్య చేత అప్పు చేయించవద్దు. పాతకాలపు ఇంగ్లీషు చేతిరాతలు చదవగలిగితే, 1611లో మచిలీపట్నంలో వర్తక కోఠీ పెట్టినప్పటి నుంచి ఈస్ట్ ఇండియా కంపెనీ వారు రాసిన కాగితాల మీద పనిచేసే దారి కూడా నీకు తెరిచే ఉంటుంది.

దసరా సెలవులకు వచ్చేటప్పుడు లాటిన్ మొదటి పాఠాలు పూర్తి చేసుకుని రా. నా దగ్గరున్న ఒక మేనర్ చిట్టా నకలులో మొదటి పది పంక్తులు ఇద్దరం కలిసి చదువుదాం.

ఇట్లు,
మీ మామయ్య