పెట్రోలియమా, ట్రిపుల్ ఈనా? అమ్మాయి మాటే వినండి

ప్రశ్న: మాది నెల్లూరు జిల్లా ముత్తుకూరు దగ్గర పల్లె. రొయ్యల చెరువులు చేస్తాం. అమ్మాయి ఇంటర్ ఎంపీసీ పాసై ఈఏపీసెట్ కౌన్సెలింగ్ కోసం చూస్తోంది. కువైట్‌లో ఉన్న వాళ్ల మేనమామ, ఆయిల్‌లో ఉన్న డబ్బు ఎక్కడా లేదు, పెట్రోలియం ఇంజినీరింగ్‌లో చేర్చమంటున్నాడు. తనేమో ట్రిపుల్ ఈ (ఎలక్ట్రికల్ అండ్ ఎలక్ట్రానిక్స్ ఇంజినీరింగ్) చేసి సోలార్ వైపు వెళ్తానంటోంది. ఏం చేయమంటారు?

జవాబు: ట్రిపుల్ ఈలోనే చేర్చండి. అయితే ఆయిల్ పని అయిపోయిందని మాత్రం అనుకోకండి. సోలార్ వచ్చినంత మాత్రాన ఆయిల్ పోదు. మన దేశంలో కరెంటు ఎక్కువగా బొగ్గుతోనే తయారవుతుంది. మీ మండలంలోని నేలటూరు థర్మల్ కేంద్రంలో మండేది కూడా బొగ్గే. క్రూడాయిల్ నుంచి వచ్చే పెట్రోలు, డీజిల్ పోయేది బైకులకు, లారీలకు, మీ జనరేటర్‌కు. బండ్లు బ్యాటరీల మీద నడిస్తేనే ఆ వాడకం తగ్గుతుంది. స్కూటర్లు, ఆటోల్లో అది మొదలైంది. బరువు లారీలు, ఓడలు, విమానాల దాకా రావడానికి చాలా కాలం పడుతుంది. మనం వాడే క్రూడ్‌లో 85 శాతానికి పైగా బయటి దేశాల నుంచి కొంటున్నాం కాబట్టి, ఆ బిల్లు తగ్గించుకోవాలని ఏ ప్రభుత్వమైనా చూస్తుంది.

ఇక డబ్బు లెక్క మీ చెరువు గట్టు మీదే ఉంది. కరెంటు పోతే చెరువు నీళ్లలో గాలి కలిపే ఏరేటర్లు ఆగకుండా జనరేటర్ వేస్తారు కదా. లీటరు డీజిల్‌కు మూడు, మూడున్నర యూనిట్లు వస్తాయి. అంటే యూనిట్ దాదాపు 30 రూపాయలు పడుతోంది. పెద్ద సోలార్ ప్లాంట్ల వేలంలో 2010లో యూనిట్ 12 రూపాయల దగ్గర పలికింది. 2017లో మన కడప వేలంలో 3 రూపాయల 15 పైసలకు దిగింది. 2020 డిసెంబరులో గుజరాత్‌లో రెండు రూపాయల లోపుకే వచ్చింది.

ఇంత చవక అయినప్పుడు అందరూ దానికే మారిపోవచ్చు కదా అంటారేమో. చెరువులో డీఓ, అంటే నీళ్లలో కరిగిన ఆక్సిజన్, పడిపోయేది తెల్లవారుజామున. ఆ వేళకు ఎండ ఎక్కడుంది? మధ్యాహ్నం పుట్టే చవక కరెంటును రాత్రికి దాచిపెట్టడానికే ఇప్పుడు అసలు ఖర్చు. బ్యాటరీలు, కర్నూలు వైపు పిన్నాపురంలో కట్టినటువంటి పంప్డ్ స్టోరేజీ ప్రాజెక్టులు (చవక కరెంటుతో నీళ్లు పైకి తోడి, అవసరమైనప్పుడు కిందికి వదిలి కరెంటు తీసేవి), ఇన్వర్టర్లు, కొత్త లైన్లు, సబ్‌స్టేషన్లు, పెట్టుబడి వీటి మీదికి మళ్లుతోంది. ఇదంతా ఎలక్ట్రికల్ ఇంజినీర్ల పని. నేను ట్రిపుల్ ఈ అంటున్నది అందుకే.

ఇంకో సంగతి కూడా తెలుసుకోండి. డీజిల్‌కు రోజూ డబ్బు పెట్టాలి. సోలార్‌కు దాదాపు అంతా మొదట్లోనే పెట్టాలి, తర్వాత ఎండకు ఎవరూ బిల్లు వేయరు. అందుకే బ్యాంకు వడ్డీ పెరిగితే సోలార్ యూనిట్ ధర కూడా పెరుగుతుంది. ఉద్యోగాలూ అలాగే ఉంటాయి. ప్లాంటు కట్టేటప్పుడు చాలామంది కావాలి, కట్టాక కొద్దిమందితో నడుస్తుంది. కాబట్టి ‘సోలార్’ అనే పేరు చూసి సన్నటి కోర్సులో చేర్చకండి. ట్రిపుల్ ఈ చదివిన పిల్లకు ట్రాన్స్‌కో, పవర్‌గ్రిడ్, ఎన్‌టీపీసీ, బ్యాటరీ కంపెనీలు, ఈవీ కంపెనీలు అన్నీ దారులే. ఓఎన్‌జీసీ, ఇండియన్ ఆయిల్ లాంటి సంస్థలూ ఎలక్ట్రికల్ వాళ్లను తీసుకుంటాయి. ఆయిల్ తలుపు కూడా మూసుకుపోదు.

మేనమామ చెప్పింది అబద్ధం కాదు. ఆయిల్‌లో మంచి జీతాలున్నాయి. కానీ అవి క్రూడ్ ధరతో పాటు ఊగుతాయి. 2014 జూన్‌లో బ్యారెల్ 110 డాలర్లు దాటింది, 2016 జనవరికి 30 లోపుకి పడింది. ఆ రెండేళ్లలో ప్రపంచమంతా ఆయిల్ కంపెనీలు ఉద్యోగులను పెద్దఎత్తున తీసేశాయి. అప్పుడు ఆ డిగ్రీ ఒక్కటే చేతిలో ఉన్నవాళ్లు వేరే రంగానికి మారలేక నలిగిపోయారు. నన్ను ఎక్కువ భయపెట్టేది అదే. రామాయపట్నంలో బీపీసీఎల్ రిఫైనరీ వస్తోందని ఆశపడుతున్నా సరే, పెట్రోలియం ఇంజినీరింగ్ ప్రధానంగా భూమిలోంచి ఆయిల్ తీసే చదువు. రిఫైనరీలో కెమికల్, మెకానికల్, ఎలక్ట్రికల్ వాళ్లకే ఎక్కువ పని. విశాఖలోని పెట్రోలియం చదువుల సంస్థ ఐఐపీఈలోనో, కాకినాడ జేఎన్‌టీయూలోనో సీటు వచ్చి, రిగ్గుల మీద పని చేయాలని అమ్మాయికే మనసుంటే అప్పుడు కాదనకండి. ఆ కోరిక తనదై ఉండాలి, మామయ్యది కాదు.

వెబ్ ఆప్షన్లు పెట్టే ముందు అమ్మాయిని తీసుకుని రెండు మూడు కాలేజీలు తిరగండి. పవర్ ఎలక్ట్రానిక్స్ ల్యాబ్ చూపించమనండి. మెషీన్లు నిజంగా నడుస్తున్నాయా, దుమ్ము పట్టి ఉన్నాయా అన్నది చూస్తే తెలిసిపోతుంది. అక్కడ ఫైనల్ ఇయర్ పిల్లలను పక్కకు పిలిచి అడగండి, సీనియర్లు ఏ కంపెనీల్లో చేరారో వాళ్లే చెబుతారు. ల్యాబ్ బాగా లేని కాలేజీ నెల్లూరు టౌన్‌లోనే ఉన్నా దాన్ని లిస్టులో కిందికి దింపేసి, కాస్త దూరమైనా మంచిదాన్ని పైన పెట్టండి.